అవ్వ వద్దంటోంది, డాక్టర్లు రక్తం అడుగుతున్నారు

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు. నాకు 27 ఏళ్లు. మా ఆయన నాకు సొంత మేనమామ. అంటే మా అత్త మా అమ్మను కన్న అవ్వే. బాబుకు ఐదేళ్లు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు నాలుగైదే వచ్చు. పాపకు పద్నాలుగు నెలలు. పోయిన నెల బాబును చూపించుకునే ఆసుపత్రికి ఒక పరిశోధన బృందం వచ్చింది. చాలా దేశాల వాళ్లు కలిసి ఆటిజానికి జన్యు కారణాలు వెతుకుతున్నారట. మేనరికం కుటుంబాలు కావాలట. మా నలుగురి రక్తం ఇమ్మన్నారు. ఏడెనిమిది పేజీల ఇంగ్లీషు కాగితాలిచ్చి, వచ్చే నెల సంతకం పెట్టి తెమ్మన్నారు. అవ్వ ఒప్పుకోవడం లేదు. "మన రక్తంలో దోషం ఉందని మనమే చాటుకుంటామా, చిన్నదాని పెళ్లి ఎట్లయితుంది" అని ఏడుస్తోంది. మా చెల్లెలికి మేనత్త కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడడు. మేనరికం వల్లే బాబుకు ఇలా అయిందా? రక్తం ఇస్తే మందు దొరుకుతుందా? చెల్లెలి పెళ్లి చేయొచ్చా? పరీక్షలో తప్పు నాదని తేలుతుందా, ఆయనదని తేలుతుందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "తప్పు నాదా, ఆయనదా" అన్న చోట మూడుసార్లూ ఆగిపోయాను. నీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. నేను కడపలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. నువ్వు నా విద్యార్థినుల వయసుదానివి. అందుకే చనువుగా నువ్వు అంటున్నాను.

మా చెల్లెలి కొడుక్కీ ఆటిజమే. ఇప్పుడు వాడు ముప్పై దాటిన మనిషి. 1996లో, వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా, రాత్రంతా రైల్లో కూర్చుని ఒక పెద్ద నగరానికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు పిల్లవాణ్ణి పది నిమిషాలు చూశాడు. తర్వాత మా చెల్లెలి వైపు తిరిగి, "మీరు ఉద్యోగానికి వెళ్లిపోతే బిడ్డకు తల్లి ప్రేమ ఎక్కడిది? అందుకే ఇట్లా ముడుచుకుపోయాడు" అన్నాడు. అది టీచరు ఉద్యోగం. ఎంతో కష్టపడి తెచ్చుకుంది. నెల తిరక్కుండా రాజీనామా చేసింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది. ఎందుకంటే ఆయన అలా అనేనాటికే ఆ నమ్మకానికి ఎదురు సాక్ష్యం వచ్చి 19 ఏళ్లయింది.

అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే ఆటిజం అనే మాట వైద్యంలో ఈ అర్థంతో నిలబడింది. ఇది పుట్టుకతోనే వచ్చినట్టుందని ఆయన రాశాడు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ముభావంగా కనిపించారని కూడా రాశాడు. లోకం మొదటి మాట వదిలేసి రెండో మాట పట్టుకుంది. 1967 నాటికి బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన తల్లి మనసు చల్లబడటమే కారణమని పుస్తకం రాస్తే జనం నమ్మారు. "రిఫ్రిజిరేటర్ తల్లి" అని ఒక పేరు కూడా వాడుకలోకి వచ్చింది. ఎంతమంది తల్లులు ఆ మాటకు కుంగిపోయారో. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనే ఇద్దరు బ్రిటన్‌లో 21 కవల జంటలను చూశారు. అచ్చం ఒకేలా ఉండే కవలలు 11 జంటలు. వాటిలో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు కవలలు 10 జంటలు. ఒక్క జంటలో కూడా ఇద్దరికీ లేదు. ఇద్దరినీ పెంచింది ఒకే తల్లి, ఒకే ఇల్లు. తేడా అంతా రక్తంలో వచ్చిన పోలికలో ఉంది. లెక్క చిన్నదే గాని, దారి చూపించింది. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మంది పిల్లల వివరాలు చూసి, ఆటిజం విషయంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో దాదాపు 80 శాతం వారసత్వం వల్లనేనని లెక్కగట్టారు.

ఇది చదివి "అయితే వారసత్వమే కదా, మా తప్పే కదా" అనుకుంటావేమో. ఆగు. ప్రతి బిడ్డా పుట్టేటప్పుడు తన జన్యువుల రాతలో తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పులు అరవై డెబ్బై తెచ్చుకుంటుంది. నువ్వూ తెచ్చుకున్నావు, నేనూ తెచ్చుకున్నాను. వాటిలో చాలావాటి వల్ల ఏమీ కాదు. ఎప్పుడో ఒకటి ముఖ్యమైన చోట పడుతుంది. తండ్రి వయసు పెరిగేకొద్దీ ఈ కొత్త మార్పులు కాస్త పెరుగుతాయి. దీన్ని నువ్వు ఆపగలవా? ఆయన ఆపగలడా? తల్లి వైపు నుంచి వచ్చిందా, తండ్రి వైపు నుంచా, కొత్తగా పుట్టిందా అన్నది పరీక్షలో ఒక్కోసారి తెలుస్తుంది. దాన్ని తప్పు అనకు. నీ కళ్లు మీ నాయన కళ్లలా ఉంటే అది ఎవరి తప్పు?

ఇక మేనరికం. మన కడప సంగతితోనే చెబుతాను. సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చాక ఇక్కడ బంగళా కొన్నాడు. పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, ఒకే పద్యం ఏ ప్రతిలో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి పోల్చించేవాడు. ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉన్న చోటే ఆ బంగళా ఉండేది. ఎందుకంత శ్రమ అంటే, చేత్తో రాసిన ప్రతి ప్రతిలోనూ తప్పులుంటాయి. ఒకడు అక్షరం మింగేస్తాడు, ఒకడు పాదం దాటేస్తాడు. ఒక ప్రతిలో పోయింది మరో ప్రతిలో దొరుకుతుంది.

మన ఒంట్లో కూడా అంతే. ప్రతి కణంలోనూ దాదాపు 300 కోట్ల అక్షరాల రాత ఉంటుంది. అది రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒక ప్రతిలో తప్పున్నా చాలాసార్లు రెండోది కాపాడేస్తుంది. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడు. నీ రాతలో సగం మీ అమ్మది. మీ అమ్మ రాత అవ్వా తాతలది. మీ ఆయన రాత కూడా ఆ అవ్వా తాతలదే. కాబట్టి బాబుకు చేరిన రెండు ప్రతుల్లో కొంత భాగం ఒకే మూల ప్రతిని చూసి రాసుకున్నవే. మూలంలో అక్షరం పోయి ఉంటే రెండింటిలోనూ అక్కడే పోయి ఉంటుంది. సరిచూసుకోవడానికి వేరే ప్రతి లేదు. మేనమామ పెళ్లిలో ఇలా రెండు వైపులా ఒకటైపోయే భాగం సగటున ఎనిమిదో వంతు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పదహారో వంతు.

అంతమాత్రాన మీ బాబుకు ఆటిజం మేనరికం వల్లే వచ్చిందని ఖాయం చేసుకోవద్దు. రక్త సంబంధం ఏమాత్రం లేని దంపతులకు పుట్టిన ఆటిజం పిల్లలు ప్రపంచమంతా ఉన్నారు. మేనరికం పెళ్లిళ్లలో చక్కగా పుట్టి పెరిగిన పిల్లలు మీ వీధిలోనే ఎంతమంది ఉంటారు! మీ బాబు విషయంలో కారణం మేనరికం నుంచి వచ్చిందా, కొత్త మార్పా, లేక చిన్న చిన్న మార్పులు వందలు కలిసిన ఫలితమా అన్నది వాడి పరీక్ష చూసే చెప్పాలి. బంధువులు చూపు చూసి చెప్పేది కాదు.

మరి పరిశోధకులు మేనరికం కుటుంబాలనే ఎందుకు అడిగారు? మిమ్మల్ని వేలెత్తి చూపడానికి కాదు. అమెరికాలో, యూరప్‌లో ఎంత వెతికినా దొరకని ఆనవాళ్లు ఇలాంటి కుటుంబాల్లో తేలిగ్గా కనిపిస్తాయి. 2008లో బోస్టన్ శాస్త్రవేత్తలు మధ్యప్రాచ్యం, టర్కీ, పాకిస్తాన్ ప్రాంతాల డాక్టర్లతో కలిసి 104 కుటుంబాలను చూశారు. వాటిలో 88 దగ్గరి బంధువుల పెళ్లిళ్లవే. పిల్లల్లో రెండు ప్రతులూ ఒకటైపోయిన భాగాలను మాత్రమే వెతికితే, నాడీకణాల పనితో ముడిపడిన కొన్ని జన్యువులు, అంటే ఆ రాతలోని కొన్ని ముక్కలు, బయటపడ్డాయి. ఆ కుటుంబాలు రక్తం ఇవ్వకపోతే ఆ జన్యువుల ఆచూకీ ఎప్పటికి తెలిసేదో.

ఇన్ని దేశాలు కలవడం ఎందుకని కూడా నీకు అనుమానం రావచ్చు. ఆటిజానికి కారణమయ్యే జన్యువు ఒకటి కాదు, వందల్లో ఉన్నాయి. వాటిలో దాదాపు ఏది తీసుకున్నా నూటికి ఒక్క బిడ్డలో కూడా అదే కారణమై ఉండదు. అంటే ఒక ఆసుపత్రిలో వంద మంది పిల్లలను పరీక్షిస్తే ఒకే జన్యువులో తప్పు ఇద్దరిలో కనిపించడమే అరుదు. ఒక్కరిలో కనిపిస్తే అది కారణమో, యాదృచ్ఛికమో చెప్పలేరు. కడపలో ఒకరు, టొరంటోలో ఒకరు, ఇస్తాంబుల్‌లో ఒకరు, ముగ్గురిలోనూ అదే జన్యువు దెబ్బతిని ఉంటే అప్పుడు నమ్ముతారు. బ్రౌన్ పండితులు ప్రతులు పక్కపక్కన పెట్టుకున్నట్టే. 2007లో ఆటిజం జీనోమ్ ప్రాజెక్టు పేర 19 దేశాల నుంచి 120 మందికి పైగా శాస్త్రవేత్తలు దాదాపు 1,200 కుటుంబాల వివరాలు కలిపారు. అప్పుడు గట్టిగా చేతికి అందినవి కొన్ని ఆనవాళ్లే. 2020లో మరో కూటమి 35,584 మంది రాతలు పోల్చింది. వాళ్లలో 11,986 మంది ఆటిజం ఉన్నవాళ్లు. ఈసారి 102 జన్యువులు తేలాయి. కొన్ని కడుపులో బిడ్డ మెదడు తయారయ్యే వేళ మిగతా జన్యువులను నడిపించేవి. కొన్ని ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురు చేరవేసే చోట పనిచేసేవి. అమెరికాలో 2016లో మొదలైన స్పార్క్ అనే పరిశోధనకు కుటుంబాలు ఇంట్లోనే ఒక గొట్టంలో ఉమ్మి పట్టి పోస్టులో పంపుతున్నాయి. ఆటిజం ఉన్నవాళ్లే లక్ష మందికి పైగా చేరారు.

ఇన్ని లక్షల్లో మనవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది యూరప్ మూలాలున్నవాళ్లే. దీనివల్ల మనకు నేరుగా నష్టం ఉంది. రేపు మీ బాబు పరీక్షలో ఒక అరుదైన మార్పు కనిపించిందనుకో. అది జబ్బుకు కారణమా, లేక మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా ఉండే మామూలు సంగతా? మనవాళ్ల వివరాలు లేకపోతే "అర్థం తేలని మార్పు" అని రిపోర్టులో రాసి వదిలేస్తారు. ఆ మాట చదువుకుని ఇంటికి వచ్చిన తల్లులను నేను చూశాను. మన దేశంలో జీనోమ్ ఇండియా పేర 83 సముదాయాల నుంచి 10,000 మంది రాతలు చదివి, 2025 జనవరిలో ఆ వివరాలు పరిశోధకులకు తెరిచారు. అది మంచి పునాది. అందులో ఉన్నది సాధారణ జనం. ఆటిజం ఉన్న మన పిల్లల వివరాలు మనమే ఇవ్వాలి. తరతరాలుగా లోపలి లోపలే పెళ్లిళ్లు చేసుకున్న సముదాయాల్లో కొన్ని మార్పులు పోగుపడతాయని 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్లు కలిసి చూపించారు. ఆపరేషన్‌కు ఇచ్చే ఒక రకం మందు ఒంటికి పడకపోవడం వైశ్యుల్లో కొందరికి ఉంటుందని మీ ప్రొద్దుటూరులో చాలామందికి తెలుసు. తెలిసింది కాబట్టే ముందే డాక్టరుకు చెప్పుకుంటున్నారు, ప్రాణాలు దక్కుతున్నాయి. తెలియడం వల్ల ఆ కులానికి పరువు పోలేదు కదా.

కాబట్టి నా అభిప్రాయం ఇవ్వమనే. కానీ వచ్చే నెల వాళ్లు చెప్పిన తేదీకి, ఆ ఇంగ్లీషు కాగితాల మీద, ఇప్పుడు నువ్వున్న స్థితిలో మాత్రం సంతకం పెట్టొద్దు.

ముందు ఒక ఆశ వదులుకోవాలి తల్లీ. ఈ రక్తం ఇచ్చినందుకు మీ బాబుకు మందు రాదు. ఈ మాట కఠినంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. రెట్ సిండ్రోమ్ అని ఎక్కువగా ఆడపిల్లలకు వచ్చే జబ్బు ఒకటుంది. దాని జన్యువు 1999లో దొరికింది. అమెరికాలో మొదటి మందుకు అనుమతి వచ్చింది 2023లో. 24 ఏళ్లు పట్టింది. ఆ మందు కూడా కొన్ని లక్షణాలను కాస్త తగ్గించేదే, జబ్బును తీసేసేది కాదు. నువ్వు ఇచ్చే రక్తం రేపు పుట్టబోయే ఏ బిడ్డకో పనికొస్తుంది. అలా అనుకుని ఇవ్వగలిగితే ఇవ్వు. మందు వస్తుందని ఇస్తే, రానప్పుడు గుండె పగులుతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

2004లో మా చెల్లెలూ, మా మరిదీ, పిల్లవాడూ ఒక పరిశోధనకు రక్తం ఇచ్చారు. కాగితాలు ఇంగ్లీషులోనే. చదివి వినిపించినవాళ్లు లేరు. మాకు కాపీ కూడా ఇవ్వలేదు. "ఏమైనా తెలిస్తే చెబుతాం" అన్నారు. మా చెల్లెలు ఏళ్ల తరబడి పోస్ట్‌మ్యాన్ కోసం చూసింది. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. ఆ రక్తంతో ఏం చేశారో, ఏం తేలిందో ఈరోజుకీ మాకు తెలియదు. పరిశోధన గొప్పదే. మనిషిని మనిషిగా చూడకపోతే మాత్రం ఎంత గొప్ప పరిశోధనైనా నాకు అక్కర్లేదు.

ఇప్పుడు నీకు హక్కులున్నాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం వివరాల పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు పత్రం అడుగు. ఇవ్వలేమంటే అక్కడే లేచి వచ్చేయి. సంతకం చేసిన పత్రం కాపీ మీకు ఇవ్వాలి. ఎప్పుడైనా వద్దనుకుంటే తప్పుకోవచ్చు. తప్పుకున్నందుకు బాబు వైద్యంలో ఏ తేడా రాకూడదు. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ఆ కమిటీ ఫోన్ నంబరు పత్రంలో ఉండాలి. శాంపిళ్లు విదేశాలకు పంపేటట్టయితే కేంద్ర ఆరోగ్య శాఖ వైపు నుంచి వేరే అనుమతి కావాలి. అది ఉందా అని మొహమాటం లేకుండా అడుగు.

అన్నిటికంటే గట్టిగా అడగాల్సినవి రెండు. మొదటిది, "మా బాబుకు సంబంధించి ఏదైనా తేలితే మాకు చెబుతారా, ఎవరు చెబుతారు?" కొన్ని పరిశోధనలు చెబుతాయి, కొన్ని చెప్పవు. చెప్పనివి మోసమేమీ కాదు, కానీ ఆ సంగతి ముందే తెలియాలి. రెండోది, "ఈ రక్తాన్ని ఆటిజానికి కాక ఇంకేమైనా పనికి వాడతారా?" దీని వెనక ఒక కథ ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో హవాసుపాయి అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. షుగర్ జబ్బు మీద పరిశోధన అని 1990ల్లో వాళ్ల రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తం మీద మానసిక జబ్బుల పరిశోధనలు జరిగాయి, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్న పరిశోధన కూడా జరిగింది. వాళ్లకు చెప్పలేదు. తెలిశాక కోర్టుకెళ్లారు. 2010లో రాజీ కుదిరింది, డబ్బుతో పాటు మిగిలిన రక్తం వాళ్లకు తిరిగి ఇచ్చేశారు. బ్రిటన్‌లో 2021లో పదివేల మంది ఆటిజం ఉన్నవాళ్ల డీఎన్‌ఏ సేకరించాలని ఒక పెద్ద ప్రాజెక్టు మొదలై, కొద్ది వారాలకే ఆగింది. మా వివరాలు రేపు మాలాంటివాళ్లు పుట్టకుండా చేయడానికి వాడరని నమ్మకమేమిటని ఆటిజం ఉన్న పెద్దవాళ్లే అడిగారు. న్యాయమైన ప్రశ్న. మా చెల్లెలి కొడుకు నాకు పొద్దున్నే కాఫీ కలిపి ఇస్తాడు. వాడు లేని లోకం మేలని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

ఇంకొక మాట, ఇంట్లో అందరికీ ముందే చెప్పు. జన్యు పరీక్షలో ఎవరికి ఎవరు ఎంత దగ్గరి బంధువో కూడా కనిపిస్తుంది. మీ మేనరికం సంగతి వాళ్లకు ముందే చెప్పారు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. కానీ తెలియకుండా సంతకం పెట్టకూడదు. పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు. మీ వీధిలో ఎవరికీ తెలిసే పని కాదు. అవ్వకు ఈ ముక్క ముందుగా చెప్పు.

ఇప్పుడు పరిశోధన పక్కన పెట్టు. మీ బాబుకు కావాల్సింది వాడి సొంత పరీక్ష. ఇది వేరు. దాని రిపోర్టు మీ చేతికి వస్తుంది. వేలూరు సీఎంసీలో, హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగాలున్నాయి. మీకు దగ్గర ఏదైతే అక్కడికి వెళ్లండి. మామూలుగా క్రోమోజోమ్ మైక్రోఅరే (రాతలో పెద్ద ముక్కలు పోయాయా, ఎక్కువయ్యాయా అని చూసేది), ఫ్రజైల్ ఎక్స్ (ఒకే ఒక జన్యువు లోపంతో వచ్చే జబ్బు) పరీక్ష చేస్తారు. అవసరమైతే జన్యువుల రాతను అక్షరం అక్షరం చదివే ఎక్సోమ్ పరీక్ష. మైక్రోఅరేలో నూటికి పదిమందికి అటూ ఇటూగా కారణం దొరుకుతుంది. ఎక్సోమ్‌లో ఇంకొందరికి. ఏమీ దొరక్కపోతే కారణం లేదని కాదు, ఇప్పటి కళ్లకు కనిపించలేదని. రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ చదివిస్తే కొత్త అర్థం దొరకొచ్చు. పరిశోధనల వల్ల నీకు నేరుగా దక్కే లాభం ఇదే.

మీ చెల్లెలి పెళ్లి విషయం కూడా ఈ పరీక్షతోనే ముడిపడి ఉంది. ఫ్రజైల్ ఎక్స్ అని తేలిందనుకో. అది తల్లి వైపు నుంచి వస్తుంది. మీ చెల్లెలు కూడా దాన్ని మోస్తూ ఉండవచ్చు. అప్పుడు బావను కాదని బయటి సంబంధం చేసినా ఆ భయం పోదు. ఆమెకు పరీక్ష అవసరం. అలా కాక, అవ్వా తాతల నుంచి రెండు వైపులా వచ్చిన తప్పని తేలితే, ఆ తప్పు మీ నాయన వైపు బావలో ఉండే అవకాశం తక్కువే, మధ్యలో వేరే చుట్టరికాలు లేకపోతే. కొత్తగా పుట్టిన మార్పని తేలితే చెల్లెలికి దాంతో సంబంధమే లేదు. కాబట్టి రిపోర్టు వచ్చేదాకా తాంబూలాలు ఆపమని చెప్పు. నాలుగైదు నెలలు ఆగితే ఏ సంబంధమూ పాడైపోదు. పాడైతే ఆ సంబంధం అంతే. ఇక మేనత్త కొడుకుతో పెళ్లికి మామూలుగా ఉండే రిస్క్ ఎలాగూ ఉంటుంది. మామూలు దంపతులకు పుట్టే పిల్లల్లో నూటికి ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటే, ఇలాంటి పెళ్లిలో ఐదారుగురి దాకా ఉంటుంది. నన్నడిగితే వద్దనే అంటాను. కానీ అది మీ చెల్లెలు తేల్చుకోవాల్సింది. ఆమెకు ఈ లెక్క చూపించి, ఆమెను అడగండి.

నువ్వు పాప గురించి ఒక్క వాక్యమే రాశావు. నాకు ఆ పాప మీదే ధ్యాస పోతోంది. అన్నకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఇరవై అని 2024లో పెద్ద లెక్క తేల్చింది. ఆడపిల్లల్లో నూటికి పదమూడు. అంటే ఎక్కువమందికి రాదు. కానీ కన్నేసి ఉంచాలి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా? ఏదైనా వింత కనిపిస్తే వేలు పెట్టి నీకు చూపిస్తోందా? నువ్వు నవ్వితే నవ్వుతోందా? పద్దెనిమిది నెలలకు ఒకసారి, రెండేళ్లకు ఒకసారి పిల్లల డాక్టరు దగ్గర ఎమ్-చాట్ అనే ప్రశ్నల పత్రం నింపించు. చిన్న తేడా కనిపించినా ఎదురుచూడొద్దు. "ఆడపిల్ల, కాస్త సిగ్గు" అని సరిపెట్టుకోవద్దు.

బాబుకు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఆగకూడదు. ఏ జన్యువు తేలినా, తేలకపోయినా వాడికి పనికొచ్చేది అదే. పిల్లల ఎదుగుదల లోపాలకు జిల్లాల్లో సత్వర సేవా కేంద్రాలున్నాయి, వాటినే డీఈఐసీ అంటారు. కడపకు పోయినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో డీఈఐసీ ఎక్కడని అడుగు. సదరం సర్టిఫికెట్ తీసుకోలేదంటే తీసుకో. వికలాంగుల హక్కుల 2016 చట్టంలో ఆటిజం కూడా ఉంది. నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మొత్తం ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, అందులో కొంత థెరపీకి కూడా ఉపయోగపడుతుంది. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే మాటలొస్తాయని ఎవరైనా లక్షలు అడిగితే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకు. ఆటిజానికి దాన్ని సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లోనే చెప్పింది. పొలం అమ్మి ఇచ్చినవాళ్లు నాకు తెలుసు.

మీ ఆయన మాట్లాడడంటున్నావు. ఆయన కూడా రాత్రిళ్లు ఇదే ప్రశ్న మోస్తూ ఉంటాడు. తన వయసు, తన రక్తం అని. ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టు. చదివాక ఏమీ అడక్కు, కాస్త టైమివ్వు.

ఇక అవ్వ. ఆమె మీద కోపం తెచ్చుకోకు. నీ పెళ్లి కుదిర్చింది ఆమె. కూతురి బిడ్డ పరాయి ఇంటికి పోకూడదని, కళ్ల ముందే ఉండాలని కొడుక్కి చేసుకుంది. ఆమెకు నువ్వు మనవరాలివీ, కోడలివీ. బాబుకు ఆమె జేజి. ఆ పరీక్ష కాగితంలో తన పేరే తేలుతుందని ఆమె భయం. "దోషం చాటుకుంటామా" అన్నది పరువు కోసం అన్నట్టు నీకు వినిపించింది. నాకు మాత్రం "నేనేనా చేసింది" అని అడుగుతున్నట్టు వినిపించింది. నువ్వు అడిగిందీ అదే కదా, తప్పు నాదా అని. మీ ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఒకే మాటకు ఏడుస్తున్నారు.

తాళపత్రాల కథ ఆమెకు నువ్వే చెప్పు. ఆ రాతల్లో తప్పు రాసినవాడు కావాలని రాయలేదని చెప్పు. తెలుగు పత్రం వచ్చాక ఆమెకు చదివి వినిపించు. సంతకం రోజున వద్దన్నా ఆటోలో ఎక్కించుకుని తీసుకుపో. డాక్టర్లను ఆమె అడగాల్సినవి ఆమెనే అడగనీ. వాళ్లు ఓపిగ్గా, తెలుగులో, ఆమె ముఖం చూసి జవాబు చెబితే రక్తం ఇచ్చి రండి. విసుక్కుంటే అవ్వ చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేయండి.